ఒక్కసారి సణిగితే చాలు

మా ఆయనకు సణగడం రాదు. పెళ్ళయిన కొత్తలో అది నా అదృష్టం అనుకున్నాను. పదేళ్ళు గడిచేసరికి అదే నా కడుపుమంట అయింది. మనిషన్నాక ఒక్కసారైనా ఎండ ఎక్కువైందనో, కూర చప్పగా ఉందనో అనాలి కదా. ఆయన అనడు. కంచం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అంటాడు. తిని చెయ్యి కడుక్కుంటూ "మనకేం తక్కువ" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా మనకు ఏమేం తక్కువో వరసగా చెప్పాలని నా నాలుక దురద పెట్టేది.

ఆయన పాస్టరు, నేను పాస్టరమ్మను. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు రామన్నపేటకు అవతల ఒక ఊళ్ళో ఉన్న చిన్న మందిరానికి మమ్మల్ని పంపారు. రేకుల కప్పు, ముప్పై కుటుంబాలు. మందిరం వెనక మాకు ఒక గది, దాని ముందు వసారా. మాకు ఒక్కతే కూతురు, నల్లగొండలో హాస్టల్లో ఉండి చదువుకునేది. సంఘంలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్ళే. నెలనెలా జీతం ఇచ్చే స్తోమత వాళ్ళకు లేదు. వాళ్ళు ఇచ్చేది పిడికెడు బియ్యం.

తెలియనివాళ్ళకు చెబుతాను. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. అది దేవుడి వంతు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి మందిరంలో బల్ల ముందున్న గంపలో గుమ్మరిస్తుంది. ఆరాధన అయ్యాక ఆ గంప మా ఇంటికి వస్తుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. వండేది మాత్రం నేను. ఒకరివి రేషన్ దొడ్డు బియ్యం, ఒకరివి సన్నవి, ఒకరివి పాతవి, ఒకరివి మొన్ననే మిల్లు నుంచి వచ్చిన కొత్తవి, మధ్యలో నూకలు. ఒకే గిన్నెలో పడ్డాక అవి ఒక్కలా ఉడకమంటే ఉడుకుతాయా? కొత్తవి జావైపోయే వేళకు దొడ్డువి ఇంకా పలుకు మీదే ఉంటాయి.

చాటలో పోసి చెరుగుతుంటే ఏ గింజ ఏ ఇంటిదో చెప్పేయగలిగేదాన్ని. ఇంట్లో సన్నబియ్యం తింటూ మాకు దొడ్డువి తెచ్చే ఒక ఉద్యోగస్థుని భార్య ఉండేది. ఆమెను చూస్తే ఒళ్ళు మండేది. పైకి మాత్రం "వందనాలమ్మా" అని నిండుగా నవ్వేదాన్ని. ఆ నవ్వే నా ఉద్యోగం. పాస్టరమ్మ ఎంత నిమ్మళమైన మనిషి అని ఊరంతా అనుకునేది.

మా చెల్లెను కూడా పాస్టరుకే ఇచ్చారు. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. చిన్నప్పుడు నా పాత లంగాలు తొడుక్కుని తిరిగింది. దాని భర్త మహబూబ్‌నగర్‌లో ఒక షట్టరు గది కిరాయికి తీసుకుని ప్రార్థనలు మొదలుపెట్టాడు. చూస్తుండగానే అది పెద్ద హాలైంది. కీబోర్డు వచ్చింది, కెమెరాలు వచ్చాయి, మరిదికి కారు వచ్చింది. చెల్లె వారానికోసారి ఫోను చేసేది.

"అక్కా, పాత ఫ్రిజ్ జర ఆవాజ్ చేస్తున్నదని మీ మరిది రెండు తలుపులది తెచ్చిండే."

"దేవునికి స్తోత్రం చెల్లె" అనేదాన్ని. మా ఇంట్లో ఒక తలుపుది కూడా లేదు. కుండ మీద తడిగుడ్డ చుట్టి నీళ్ళు చల్లబరచుకునేవాళ్ళం. నాకు కుళ్ళుగా ఉండేది, దాచడం ఎందుకు? వంకాయలు తరుగుతూ మనసులో దాని ఫ్రిజ్‌ను నాలుగుసార్లు చెడగొట్టేదాన్ని.

అయినా చెల్లె మీద కుళ్ళు ఒక పూటకు తగ్గేది. మా ఆయన మీది కుళ్ళు తగ్గేది కాదు. ఫ్రిజ్ అయితే ఏనాటికైనా కొనుక్కోవచ్చు. ఆయనకున్న తృప్తి ఏ దుకాణంలో దొరుకుతుంది? ఇద్దరం ఒకే దేవుణ్ణి మొక్కుతున్నాం, ఒకే గిన్నెలో అన్నం తింటున్నాం. ఆయనకు అంతంత పోసి నా దోసిట్లో చుక్క కూడా వేయకపోవడం ఏం న్యాయమని లోలోపల దేవుడితో తగువు పెట్టుకునేదాన్ని.

ఒక ఏడు క్రిస్మస్ వెళ్ళిన వారానికి చెల్లె మళ్ళీ ఫోను చేసింది. వాళ్ళ సంఘం పెరిగింది, ఇంకొక పాస్టరు కావాలి. హాలు వెనక రెండు గదులు, వంటింట్లో నల్లా, నెలకు జీతం.

"బావను తోల్కొనిరా అక్కా. ఈ నెలాఖరు లోపల చెప్పాలె. లేకుంటే వీళ్ళు వేరేటోళ్ళను పెట్టుకుంటరు."

నాకు ఆ రెండు గదులు కళ్ళ ముందు కదిలాయి. చెల్లె కింద బతకడం నామోషీయే, కానీ నల్లా నీళ్ళకు నామోషీ ఉండదు కదా. ఆయనకు చెప్పాను. ఆయన చెప్పులు కుట్టించుకుని అప్పుడే వచ్చాడు. "నువ్వెట్లంటే గట్లనే. మనకేం తక్కువ" అన్నాడు.

చూశారా! పోదామని నేనే అంటే, కలిమి చూసి ఎగబడ్డ పాస్టరమ్మను అవుతాను. ఊళ్ళో ఇన్నేళ్ళు మోసిన పేరు గంగలో కలుస్తుంది. అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. నెలాఖరు లోపు ఆయన నోటి నుంచి ఒక్కసారి, ఒకే ఒక్కసారి సణుగుడు వినాలి. ఇక్కడ కష్టంగా ఉందని ఆయన అన్న మరుక్షణం చెల్లెకు ఫోను చేస్తాను. అనకపోతే నోరు మూసుకుని ఇక్కడే పడి ఉంటాను.

ఆ రోజుల్లో నేను చేసిన వంట తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మూడు రోజులు వరసగా పచ్చిపులుసే పోశాను. ఆయన జుర్రుకుని తాగాడు. తర్వాత పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, తెలిసే వేశాను. ఆయన ఒక ముద్ద తిన్నాడు, ఆగాడు. ఇక అంటాడనుకున్నాను. చెంబెడు నీళ్ళు తాగి రెండో ముద్ద కలుపుకున్నాడు. ఆదివారానికి తెల్లచొక్కా ఉతకకుండా ఉంచాను. విడిచిన చొక్కానే దులిపి తొడుక్కుని, పాట పాడుకుంటూ మందిరంలోకి పోయాడు. ఆ రోజు ఆయన వాక్యం చెప్పింది తృప్తి గురించే. ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని తలాడిస్తూ, పళ్ళు కొరుక్కుంటూ విన్నాను.

ఆయన రోజూ తెల్లవారకముందే లేచి ఒక్కడే మందిరంలో ప్రార్థన చేసుకునేవాడు. నేను ఎప్పుడూ వెంట పోలేదు, నాకు పొయ్యి పని ఉండేది. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా చలి బాగా పెట్టింది. ఆయన శాలువా మరచిపోయి వెళ్ళాడు. జలుబు చేస్తే మళ్ళీ కషాయం కాచేది నేనే కదా అని దాన్ని తీసుకుని బయల్దేరాను. తలుపు చేరవేసి ఉంది. లోపల నుంచి మాటలు వినబడుతున్నాయి. ఆదివారం చేసే ప్రార్థనలా గ్రాంథికంగా లేవు. అంగట్లో తగాదా పడే మనిషి మాటల్లా ఉన్నాయి.

"ఎన్నేండ్లాయె ప్రభువా నన్ను ఈడ పడేసి? ముప్పై ఇండ్లు ముప్పై ఒకటి కాలే. నా సడ్డకుడు నాకంటె ఏం ఎక్కువ సదివిండు? వానికి కారిచ్చినవ్. నాకు సైకిలు తొక్కి తొక్కి మోకాలు పోయింది. గా బువ్వ తినలేక సస్తున్న, సగం జావ, సగం రాళ్ళు. నాకు ఈడ మనసొప్పుతలేదు. పోవాలనున్నది."

నేను శాలువా పట్టుకుని తలుపు పక్కనే నిలబడ్డాను. నాకు కావలసింది దొరికింది. ఒక్క సణుగుడు అడిగితే బస్తాడు వచ్చింది. గెలిచాననే అనుకున్నాను. ఆయన ఇంకా ఆపలేదు.

"గాని ఆమెనెట్ల తీస్కపోవాలె? ఆమె ఈడ సల్లగున్నది. ఇన్నేండ్లల్ల ఒక్క దినం సణగలే. ఆమెను సూస్తే నాకు కుళ్ళు పుడ్తది ప్రభువా. ఆమెకిచ్చిన తృప్తిల సగమన్న నాకియ్యరాదు?"

పప్పులో రెండుసార్లు ఉప్పు వేసిన ఆడదాని తృప్తిలో సగం అడుగుతున్నాడు ఈ మనిషి! తలుపు నెట్టుకుని లోపలికి పోయాను. ఆయన ఉలిక్కిపడి కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకు తృప్తి ఉన్నదని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను. "లోపల నేను సణగని దినం లేదు. చెల్లె మీద కుళ్ళు, నీ మీద కుళ్ళు. గా ఉప్పు గూడ కావాలనే ఏసిన."

ఆయన "కావాలనే ఏసినవా?" అన్నాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"మరి కంచం కాడ స్తోత్రం అంటవ్ గదా, మనకేం తక్కువ అంటవ్ గదా. అదంత అబద్ధమా?"

"అబద్ధం కాదే. ఈడ అంత కక్కుత. కక్కినంక కడుపు సల్లబడ్తది. ఆయన వింటడు గదా, గందుకు. అప్పుడొచ్చి తింట. గా పూట నిజంగనే మనకేం తక్కువ అనిపిస్తది. మల్ల తెల్లారెవరకు మంట లేస్తది, మల్లొస్త. నాకిది పుట్టుకతోని రాలే, దినాం నేర్చుకోవాలె."

ఇన్నేళ్ళూ నేను కుళ్ళుకున్నది ఆయన దగ్గర లేని దాన్ని చూసి. ఆయన కుళ్ళుకున్నది నా దగ్గర లేని దాన్ని చూసి. ఒకరి కోసం ఒకరం ఆ ఊళ్ళో ఉండిపోయి, ఒకరి ముఖం చూసి ఒకరం నవ్వుకుంటూ బతికాం. ఆ పొద్దున మొదటిసారి ఒకే చాప మీద కూర్చున్నాం. నా సణుగుడు ఉద్యోగస్థుని భార్య దగ్గర నుంచి ఎత్తుకున్నాను. ఆయన పక్కన "అవును ప్రభువా" అంటూ కూర్చున్నాడు. ఎండ మందిరంలోకి వచ్చేదాకా మేం లేవలేదు.

చెల్లెకు ఫోను చేశాం. మహబూబ్‌నగర్ వెళ్ళిపోయాం. వెళ్ళకుండా ఉండిపోయామని రాస్తే నా పేరు ఇంకా బాగుండేది, కానీ వెళ్ళాం. నల్లా తిప్పితే నీళ్ళు, గిన్నెలో ఒకటే రకం బియ్యం. నెల రోజులు స్వర్గం. తర్వాత గోడ అవతల చెల్లె ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు నాకు వినబడడం మొదలైంది. అంతలో పాత ఊరి నుంచి ఎవరో వచ్చి, మా తర్వాత వచ్చిన పాస్టరమ్మ చాలా మంచిదనీ, ఇప్పుడు ముప్పై అయిదు కుటుంబాలయ్యాయనీ చెప్పారు. ఆ ముక్కూ ముఖం తెలియని మనిషి మీద కూడా కుళ్ళు పుట్టింది. ఊరు మారింది గానీ నా కడుపు మారలేదు. అందుకని ఇక్కడ కూడా పొద్దున అయిదింటికి హాల్లో ఒక మూల చాప వేసుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం.

ఒకరోజు చెల్లె వచ్చింది. "అక్కా, గీ గురువారం స్త్రీల కూటంల నువ్వు మాట్లాడాలె. లేమిల గూడ ఎట్ల తృప్తిగ ఉండాల్నో నీకంటె మంచిగ ఎవ్వరు చెప్తరు?" అంది.

నాకు తల నుంచి కాళ్ళ దాకా మండింది. నా లేమి కూడా దాని కూటానికి పనికొచ్చిందన్నమాట. కానీ ఒప్పుకున్నాను. గురువారం రెండు వందలమంది ఆడవాళ్ళ ముందు నిలబడి, ఇన్నేళ్ళు నవ్విన నవ్వును పక్కన పెట్టాను.

"నాకు తృప్తి లేదు" అన్నాను. "ముందు వరసలో కూర్చున్న నా చెల్లె మీద నాకు కుళ్ళు. దినాం పొద్దున పోయి గీ సంగతి ప్రభువుకు చెప్తా. ఎడారిల ఆయన తన జనానికి దినాం ఆకాశం నుంచి మన్నా అనే బువ్వ కురిపించిండు గదా, గట్లనే నాకు ఆ దినానికి సరిపడ ఇస్తడు. మర్నాటికి మిగలదు. మల్ల పోవాలె. నాకు తెలిసింది గింతే."

చెల్లె తల వంచుకుంది. ఆ రోజు నాతో మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. మందిలో దాని పరువు తీశానని అనుకున్నాను. కొంచెం భయపడ్డాను. కొంచెం సంతోషపడ్డాను కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మూడో రోజు మా ఆయన ఊళ్ళో లేడు. పొద్దున అయిదింటికి హాలు మూల చాప మీద నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను. తలుపు చప్పుడైతే చూశాను. చెల్లె. తల దువ్వుకోలేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వచ్చి చాప పక్కన నిలబడింది.

"అక్కా, జర జాగ ఇస్తవా?"

దానికేం కష్టమో నాకు తెలియదు. నాకు మొదట జాలి కలగలేదు, ఉన్నమాట చెబుతున్నాను. కారుంది, హాలుంది, ఇల్లుంది. దానికి లేకుండా నాకు మాత్రమే ఉన్నది ఈ మూల, ఈ పొద్దు. ఇది కూడా దానికే కావాలా అనిపించింది. జరగడానికి మనసు రాలేదు. ఆ మాటే ప్రభువుకు చెప్పి, పక్కకు జరిగాను.