బొమ్మ ఆగని సాయంత్రం

మా బావను వీధిలో అందరూ ఓడ బావ అంటారు. సరుకుల ఓడలో ఎలక్ట్రీషియన్. సెలవు మీద ఇంటికొచ్చాడంటే చాలు, అరుగు మీద చేరిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు, ఏ దేశంలో నెట్ బాగుంటుందని. ఏదో స్పీడు లెక్క చెప్పి ఊరుకోవచ్చు కదా? ఊరుకోడు. తను "తిన్నావా" అని అడిగితే, ఆ రెండు పెదవులూ మధ్యలో బిగుసుకుపోకుండా మా అక్కకు కనపడాలట. అదీ మంచి నెట్ అంటాడు.

విన్నవాళ్లు నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. నవ్వాల్సిన మాటా అది? పెళ్లయిన రెండో ఏడే జ్వరమొచ్చి అక్కకు రెండు చెవులూ పోయాయి. తను మాట్లాడుతుంది, ఎదుటివాళ్ల పెదవులు చూసి వాళ్ల మాట తెలుసుకుంటుంది. ఫోనులో గొంతు ఆమెకెందుకూ కొరగాదు. బొమ్మ కావాలి, అదీ కదిలే బొమ్మ.

అందుకే ఓడ రేవు చేరగానే మిగతావాళ్లు బజారుకు పరిగెడితే, మావాడు నెట్ కోసం పరిగెత్తేవాడు. ఒక దేశంలో బస్సు టికెట్టు దగ్గర్నుంచి డాక్టరు మందుల చీటీ దాకా అన్నీ ఫోనులోనే అయిపోతాయట. నెట్ మెరుపే. కానీ అక్కడి ఫోను నంబరు లేనివాడికి ఆ తలుపు తెరుచుకోదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మా ఇంటి అల్లుడు ఆ రేవులో రోజంతా ఊరికే తిరిగొచ్చాడు.

ఇంకోసారి ఒక చిన్న దీవి. పోస్టాఫీసులో నాలుగే కంప్యూటర్లు, నెట్ నత్తనడక. తెర ముందు ఇతగాడు చేతులూపుతూ, నోరు సాగదీస్తూ పడుతున్న అవస్థ చూసి, అక్కడి గుమస్తా లేచి మిగతావాళ్ల చెవిలో ఏదో చెప్పిందట. వాళ్లు పనులాపి, కుర్చీలు వెనక్కి జరుపుకుని కూర్చున్నారు. బొమ్మ కదిలింది.

"వాళ్ల నెట్ మనకంటే అధ్వాన్నం బామ్మర్దీ. కానీ ఆ రోజు మీ అక్కతో తనివితీరా మాట్లాడాను," అని నాతో ఎన్నిసార్లు చెప్పాడో. అన్ని రేవులు తిరిగినవాడు ఏ దేశాన్నీ వెక్కిరించడు, దేన్నీ నెత్తిన పెట్టుకోడు. మా బావలో నాకు నచ్చేది అదే. మొహం మీద మాత్రం చెప్పను, ఆనక పట్టలేం.

ఈసారి సెలవుకు అసలు కారణం వేరు. అక్క చెవికి ఆపరేషన్ పనికొస్తుందో లేదో తేల్చే డాక్టరు, మన భాష మాట్లాడేవాడే, దూరదేశంలో ఉన్నాడు. పరీక్షల ఫలితాలు ముందే పంపాం. వీడియోలో మాట్లాడి చెబుతానని ఒక సాయంత్రం ఇచ్చాడు. ఆపరేషన్ కుదిరితే, బావ నడిసముద్రంలోంచి కూడా అక్కతో మామూలు ఫోనులో మాట్లాడొచ్చు. కానీ మా వీధికంతా కలిపి ఒకటే లైను. సాయంత్రమైతే ప్రతి ఇంట్లోనూ సినిమాయే, ఇక నెట్ సంగతి దేవుడికెరుక.

బొమ్మ ఆగిపోతే నేను విని చెబుతాలే అన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"నా చెవుల సంగతి నువ్వెందుకు ముందు వినాలి? నా కళ్లతో నేనే చూస్తాను."

బావ పొద్దున్నే ఇంటింటికీ బయల్దేరాడు, కాసేపు నెట్ ఆపి పెట్టమని అడగడానికి. ఎవడాపుతాడు బావా, నీ పిచ్చిగానీ అన్నాను. దీవిలో వాళ్లు అడక్కుండానే ఆపారు, మనవాళ్లు అడిగితే ఆపరా అని చెప్పులేసుకున్నాడు.

సాయంత్రం తెర మీద డాక్టరు కనిపించాడు. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. నరమే చచ్చిపోయిందని, ఆపరేషన్ చేసినా లాభం లేదని ఆయన నిదానంగా చెప్పాడు. బావ తల దించుకున్నాడు. అక్క మాత్రం చివరి మాట దాకా ఆయన పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

తర్వాత బావ గడ్డం పట్టి మొహం తన వైపు తిప్పుకుంది. "ఏ రేవులో వచ్చిందండీ ఇంత మంచి బొమ్మ?" అంది. బావ వీధి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. నాకు ఏడుపొచ్చింది.

అయిపోయిందని వీధిలో ఎవరికీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ముగ్గురం బయటికొచ్చాం. గుమ్మాల్లో అందరూ మా ఇంటి వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. పక్కింటి పెద్దాయన ఇల్లు మాత్రం చిమ్మచీకటి. నెట్ పెట్టె ఏదో టీవీ పెట్టె ఏదో తెలియక, ఎందుకొచ్చిన గొడవని ఇంటి మెయిన్ స్విచ్చే ఆపేశాడు మహానుభావుడు. ఫ్యాన్లు కూడా ఆగిపోయి ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

అక్క వాళ్ల గుమ్మం దాకా వెళ్లింది. చీకట్లో ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏమన్నాడమ్మా డాక్టరు?"

అక్కకు మనిషి ఆకారమే తప్ప మొహం కనపడలేదు.

"ముందు లైటు వేయండి బాబాయ్ గారూ," అంది. "నేనిక ఎప్పటికీ చూసే వినాలి."