కళ్లు ఎర్రగా పడే కెమెరా

తప్పులు పట్టడం నా ఉద్యోగం. సత్రపట్టిలో ఆస్పత్రులకు గాజుగుడ్డ నేసే ఒక కంపెనీలో చెకింగ్ సెక్షన్ నాది. తెల్లటి గుడ్డను ట్యూబులైటు ముందు పరిచి, ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడింది అని రోజంతా చూస్తుంటాను. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. సాంబారులో ఉప్పు దగ్గర్నుంచి గోడమీద క్యాలెండరు వంకర దాకా దేన్నీ వదలనని మా అమ్మ విసుక్కుంటుంది. అందుకే నా మొదటి కెమెరా కొనేటప్పుడు నన్ను మోసం చేయడం ఎవరి తరమూ కాదనుకున్నాను.

కెమెరా కొనాలన్న ఆలోచన మా అక్క కూతురి వల్ల వచ్చింది. పాపకు చెవులు కుట్టించే వేడుక రాజపాళయంలో మా ఇంట్లోనే పెట్టుకున్నాం. తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్లం, మాలో ఆ పని మేనమామ ఒళ్లోనే జరగాలి. ఒళ్లో పాపను పెట్టుకుని ఫోటోలు ఏ చేత్తో తీస్తావని ఇంటిల్లిపాదీ నవ్వారు. ముందూ వెనకా తీసుకుంటాను, మీకెందుకు అన్నాను. నాతో వాదన పెట్టుకుంటే సాయంత్రం దాకా తెమలదని తెలుసు గనక ఊరుకున్నారు.

ఊళ్లో పెళ్లి ఫోటోలు తీసే స్టూడియో ఆయన కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతూ పాత డీఎస్ఎల్ఆర్‌లు అమ్మేస్తున్నాడని తెలిసి వెళ్లాను. రెండు కెమెరాలు బల్లమీద పెట్టాడు. ఒకటి పెద్దది, పెళ్లిళ్లకు వాడినది, పట్టుకుంటే ఇటుక బరువు. దానికి సొంత ఫ్లాష్ లేదు. రెండోది చిన్నది, నేర్చుకునేవాళ్లది. మీట నొక్కితే నెత్తిమీద ఫ్లాష్ టక్కున లేచి నిలబడుతుంది. నేను చూసిన యూట్యూబు వీడియోల్లో ఆ నెత్తి ఫ్లాష్‌ను తిట్టనివాడు లేడు. ముఖం పిండి పూసినట్టు పడుతుందట, కళ్లు ఎర్రగా పడతాయట. పెద్దదే కొనాలని మనసులో తేల్చేసుకున్నాను. అయినా చెక్ చేయకుండా వస్తువు తీసుకోవడం నా ఒంటికి పడదు.

"రెండూ ఇంటికి ఎత్తకపోయి తీసి సూడండి సార్. ఏది పిడిస్తే అది పెట్టుకోండి" అన్నాడాయన. నచ్చింది పెట్టుకోమని.

వేడుక కోసం అక్కా పాపా ముందే వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర పెద్ద కెమెరాతో పాపను తీశాను. కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా పడ్డాయి. పొద్దు వాలాక హాల్లో చిన్న కెమెరా పట్టుకున్నాను. పాప నేలమీద కూర్చుని గిన్నెతో చప్పుడు చేస్తోంది. పిలిచాను. తిరిగి చూసింది. ఫ్లాష్ వెలిగింది.

వెనక స్క్రీన్‌లో చూస్తే కుడికన్ను ఎర్రగా పడింది. వీడియోల్లో చెప్పినట్టే. ఎడమకన్ను తెల్లగా పడింది. కనుపాప నల్లగా ఉండాల్సిన చోట సున్నం చుక్క పెట్టినట్టు తెలుపు.

దొరికిందిరా తప్పు, అనుకున్నాను. సంతోషం కూడా వేసింది. లెన్సులో బూజో, లోపల ఏదో చెడిందో, మొత్తానికి ఆ స్టూడియో ఆయన నా చేతికి చెడ్డ సరుకు అంటగట్టబోయాడు. రుజువు కోసం ఇంకొన్ని తీశాను. పాపను ఫోటోలో ఈ పక్కకు, ఆ పక్కకు వచ్చేలా తీశాను. కెమెరా నిలువుగా తిప్పి తీశాను. చుక్క పాపతో పాటే జరిగింది.

మా సెక్షన్లో చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి నేర్పుతారు. మరక ప్రతి గుడ్డలోనూ ఒకేచోట పడితే తప్పు మగ్గానిది. గుడ్డ జరిపితే మరకా జరిగితే తప్పు గుడ్డది. ఆ మాట ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే కెమెరా ఆపేసి, సంచిలో పెట్టి, జిప్ వేసేశాను. అమ్మ కాఫీ ఇస్తే తాగబుద్ధి కాలేదు.

మరునాడు స్టూడియోకు వెళ్లి పోట్లాటకు దిగాను. ఆయన ఫోటో కంప్యూటర్లో వేసి చూసి నవ్వాడు.

"రెడ్ ఐ సార్. వెళిచ్చం, లైటు, నేరుగా కంట్లో పడితే ఇట్లానే వస్తాది."

"ఒక కన్ను తెల్లగా ఏంటికి వచ్చింది?"

"లైటు పక్కగా పడింటాది. కవల వద్దు సార్, దిగులు పడొద్దు, ఇప్పుడే సరిచేస్తాను."

మౌసు ఆడించి రెండు కళ్లనూ నల్లగా నింపేశాడు. చెవికుట్టు ఫ్లెక్సు బోర్డుకు ఆ ఫోటోనే బాగుందని, చుట్టూ సీతాకోకచిలుకలు పెట్టి ఒక ప్రింటు తీసి ఇచ్చాడు. నేను వాదించకుండా తీసుకున్నాను. వాదించకుండా ఏదైనా తీసుకోవడం నాకు అదే మొదటిసారి కావచ్చు.

ఇంట్లో అందరూ ప్రింటు చూసి మురిసిపోయారు. అక్క మాత్రం పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

"ఏరా, ఈ కంటికి ఏం చేసినావు?"

"నేనేం చేయలేదక్కా. ఆయన సరిచేసినాడు."

"నువ్వు తీసినది చూపీ."

కెమెరా తీసి చూపించాను. అక్క గోడకానుకుని కూర్చుండిపోయింది.

"నాకొక్కదానికే కనపడతా ఉందని అనుకున్నా. సాయంత్రం లైటు వేసినాక ఒక్కొక్కసారి ఆ కన్ను మెరుస్తాది రా. పిల్లి కన్ను, అదృష్టం అని మా అత్త మంసాపురంలో ఊరంతా చెప్పుకుంటా తిరిగింది. నాకు భయంగా ఉండాది. ఎవురికని చెప్పేది?"

హాల్లో లైటు తగ్గించి అమ్మను కూర్చోబెట్టి ఫ్లాష్‌తో తీశాను. రెండు కళ్లూ ఎరుపు. అక్కను తీశాను. ఎరుపే. చెయ్యి చాచి నన్ను నేను తీసుకున్నాను. అదీ ఎరుపే. "ఏందిరా అందరినీ దయ్యం మాదిరి తీస్తా ఉండావు" అని అమ్మ కసిరింది. ఇక పాప మిగిలింది. ఏ వస్తువైనా చెడిపోయి ఉండాలని నా జన్మలో నేను అంతగా కోరుకోలేదు. ఈ కెమెరా చెడిందని తేలితే దాన్నే కొని నెత్తిన పెట్టుకుంటాననుకున్నాను. పాప నవ్వుతూ చూసింది. ఎడమకన్ను తెల్లగా వచ్చింది.

కెమెరా బాగానే ఉంది.

తెల్లవారి బస్సులో మదురైకి వెళ్లాం. బావ మంసాపురం నుంచి నేరుగా కంటి ఆస్పత్రికి వచ్చాడు. డాక్టరమ్మ పాప కళ్లలో మందు వేసి, గది చీకటి చేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. ఎలా కనిపెట్టారని అడిగితే కెమెరా చేతికిచ్చాను. ఆమె ఇంకో డాక్టరును పిలిచింది. అప్పటిదాకా మాతో తమిళంలో మాట్లాడినావిడ ఆయనతో గొంతు తగ్గించి ఇంగ్లీషులోకి మారింది. కంటి లోపల గడ్డ ఉంది. చెడ్డ గడ్డ. కన్ను తీసేయాలి, ఆలస్యమైతే అది మెదడుదాకా పోతుంది అన్నారు.

"కన్ను పోతే పాప ఉంటాదా?" అని అక్క తెలుగులోనే అడిగింది. బావ తమిళంలో చెప్పాడు. ఉంటుందని డాక్టరమ్మ అంది. రెండో కంటికి కూడా రావచ్చు, కొన్నేళ్లపాటు చూపిస్తూనే ఉండాలని కూడా అంది.

ఆపరేషన్ అయింది. గాయం మానాక అచ్చం కన్నులాగే ఉండే పెట్టుడు కన్ను పెట్టారు. చెవులు కుట్టించడం తర్వాతెప్పుడో నా ఒళ్లోనే జరిగింది. ఫోటో తీయాలని నాకు తోచలేదు, ఎవరూ అడగనూ లేదు.

రెండు కెమెరాలూ అప్పటిదాకా మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఇచ్చేద్దామని పట్టుకుని వెళ్లాను. స్టూడియో ఆయనకు విషయం తెలిసింది. పెద్ద కెమెరాను నావైపు జరిపాడు.

"ఇదే తీసుకపోండి సార్. చిన్నదాంట్లో కండ్లు ఎర్రగా పడతాయి."

"నాకు అదే కావాలి" అన్నాను.

పాప ఇప్పుడు బడికి పోతోంది. మదురైలో పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. ఫోటో చూసి ధైర్యపడవద్దు, పరీక్షకు మాత్రం తప్పకుండా రావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వెళ్తున్నాం. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య ఉండే రోజులే మాకు గడవవు. అందుకని అక్క మా ఇంటికి వచ్చినప్పుడల్లా సాయంత్రం హాల్లో లైటు తగ్గిస్తాను. పాప తనే స్టూలు లాక్కుని కూర్చుంటుంది. మామ తనను సినిమా హీరోయిన్ లాగా తీస్తున్నాడని దాని నమ్మకం. పెదవులు ముడిచి, తల వంచి రకరకాలుగా పోజులు పెడుతుంది. వంటింట్లో అమ్మ మిక్సీ ఆపేస్తుంది.

ఫ్లాష్ వెలుగుతుంది. నేను స్క్రీన్‌మీద పాప కుడికన్నును పెద్దది చేసి చూస్తాను. అక్క నా వెనకే, నా భుజం పట్టుకుని నిలబడి ఉంటుంది. స్క్రీన్‌వైపు మాత్రం చూడదు.

"ఎర్రగుందా రా?"

"ఎర్రగుందక్కా."

"సరిగా చూడు."

మళ్లీ చూస్తాను.