దివ్యాంగుల బోగీకి పెద్దదిక్కు, మా యాకూబ్ చాచా

సోమవారం ఉదయం బోనకల్ స్టేషన్‌లో ఖమ్మం ప్యాసింజర్ కోసం నిలబడి ఉండగా మల్లేశం వచ్చాడు. పత్తి మిల్లులో కుడిచేయి పోగొట్టుకున్న మల్లేశం మాతోపాటు రోజూ రైలెక్కే మనిషి. "అక్కా, యాకూబ్ చాచా చనిపోయిండు. నిన్న తెల్లవారి నమాజుకు లేపితే లేవలేదట" అన్నాడు. నమ్మలేకపోయాను. శనివారం సాయంత్రం నా పక్కన కూర్చుని జామకాయ కొరుకుతూ, "బిడ్డా, ఈసారి కాయ తియ్యగున్నది" అంటూ దిగి వెళ్ళిన మనిషి. రైలు వచ్చింది, ఎక్కాం.

యాకూబ్ మియా గారు మాలాగే రోజూ రైల్లో వెళ్ళి ఖమ్మంలో కుట్టుమిషన్లు బాగుచేసేవారు. పసితనంలో పోలియో సోకి కుడికాలు సన్నబడింది. చంకలో కర్ర, నోట్లో వక్కపలుకు, మొహాన చెరగని చిరునవ్వు. ఆయనను శాంతమూర్తి, స్మితభాషి, పరోపకార పరాయణుడు అని రాస్తే అబద్ధం కాదు. కాని ఆ శాంతం వెనక బోలెడంత కొంటెతనం ఉండేదని కూడా రాయకపోతే ఆయన ఆత్మ నన్ను క్షమించదు.

గార్డు డబ్బాను ఆనుకుని ఉండే మా బోగీ తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఎంత పెద్దగా వేసినా, కాళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్నవారికి ముందు కనిపించేది లోపలి ఖాళీ సీటే. వాళ్ళతో కొట్లాడి గొంతు పోగొట్టుకున్నవాళ్ళు మాలో చాలామంది. చాచా ఏనాడూ కొట్లాడలేదు. ఆయన దగ్గర వేరే మందు ఉండేది.

ఒకసారి దుక్కలాంటి మనిషి పాల క్యాన్లతో ఎక్కి కిటికీ సీటు ఆక్రమించాడట. చాచా ఎంతో ప్రేమగా, "కూసో బిడ్డా, మంచిగ కూసో. నీకేం తక్లీఫో జెర చెప్పు, దువా చేస్త" అన్నారు. "నాకేం తక్లీఫ్ లేదు చాచా, ఒంట్ల మంచిగనే ఉన్న" అన్నాడతను. వెంటనే చాచా రెండు చేతులూ పైకెత్తి, బోగీ అంతా వినేటట్టు, "యా అల్లా, ఈ బిడ్డకు కాళ్ళు మంచిగున్నయ్, చేతులు మంచిగున్నయ్. ఎప్పటికి గిట్లనే సల్లగ ఉంచు" అని ప్రార్థించారు. చింతకానిలో రైలు ఆగీ ఆగకముందే ఆ మనిషి క్యాన్లతో సహా వేరే బోగీకి మారిపోయాడు. ఈ కథ మల్లేశం చెప్పగా విన్నాను. చెప్పినప్పుడల్లా ఒక క్యాను పెరిగేది.

అదే దువా ఒకనాడు నాకూ ఎదురైంది.

నేను పుట్టింది టేకులపల్లిలో. డిగ్రీ చదివే రోజుల్లో భద్రాచలం దారిలో ఆటో బోల్తాపడి, ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడున్నది పెట్టుడుకాలు, దానిమీద నిండుగా చీర. పెళ్ళయి బోనకల్ వచ్చాక ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అక్కడ ఎవరికీ కాలు సంగతి చెప్పలేదు. కాలు పోయిన దుఃఖం ఎప్పుడో చల్లారింది. "అయ్యో పాపం" అనిపించుకునే దుఃఖం మాత్రం చల్లారలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఓ మూల సీట్లో కూర్చున్నాను. చాచా చిరునవ్వుతో, "కూసో అమ్మా. నీకేం తక్లీఫో చెప్పు, దువా చేస్త" అన్నారు. బోగీ మొత్తం నావైపు తిరిగింది. కూర్చోవాలంటే కాలు సంగతి చెప్పాలి. చెప్పలేక లేచి, ఖమ్మం దాకా నిలబడే ఉన్నాను. కాలు ఒరుసుకుపోయి భగభగ మండింది. దిగేటప్పుడు నొప్పికి అడుగు పడక, చేత్తో కాలు ఎత్తి ప్లాట్‌ఫారం మీద పెట్టుకున్నాను. వెనకే ఉన్న చాచా చూశారు. ఆయన మొహంలో నవ్వు మాయమవడం ఆ ఒక్కసారే చూశాను.

ఉద్యోగం మానేద్దామని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఈ నెల గడిస్తే చాలని మరునాడు జనరల్ బోగీ వైపు నడుస్తుంటే చాచా కర్ర ఊనుకుంటూ ఎదురొచ్చారు. చుట్టూ జనం. నాకు మాత్రమే వినపడేటట్టు, "అమ్మా, నిన్న పెద్ద గలతీ చేసిన. మన బోగీకి రా. నిన్ను ఎవ్వరు ఏం అడగరు, నాది జిమ్మ" అన్నారు. వెళ్ళాను. "ఈ అక్క ఎవరు చాచా?" అని మల్లేశం అడిగితే, "మనిషి" అన్నారు. అంతే. ఆ ఉద్యోగం ఇవాళ్టికీ చేస్తున్నాను.

ఆనాటి నుంచి చాచా దువా మానేశారు. మల్లేశానికి ఇది బొత్తిగా నచ్చలేదు. "గట్లైతే ప్రతోడు వచ్చి కూసుంటడు, మనకు జాగ ఏడుంటది?" అని పేచీ పెట్టాడు. చాచా చెప్పిన జవాబు మా బోగీకి శాసనమైంది. "జాగ అడుగు, జబ్బు అడగకు. నాకు నిలబడ చాతగాదు, జాగ ఇయ్యి అని అడుగు. వాని ఒంట్ల ఏమున్నదో మనకేమెరుక?"

అడిగితే అందరూ ఇచ్చారని చెప్పను. నిద్ర నటించేవారికి ఏ శాసనమూ వినపడదు. అలాంటివారి పక్కన చాచా కర్ర మీద వాలి నిలబడి, "పండుకోనియ్యి, పాపం అలిసిపోయినట్టున్నడు" అనేవారు. చిత్రంగా ఆ మాటకే మెలకువ వచ్చేది.

ఒకసారి రైల్వే పోలీసులు ఎక్కి దివ్యాంగుల కార్డులు చూపమన్నారు. పక్కనే మల్లేశం ఉన్నాడని కార్డు బయటికి తీయలేకపోయాను. "ఆళ్ళకు చూపియ్యాలె బిడ్డా, అది కాయిదా. పక్కోనికి చూపియ్యాల్నని ఏ కాయిదాల లేదు" అని మెల్లగా అన్నారు చాచా. అని ఊరుకోలేదు. "మల్లేశం, అటు సూడు, మిర్చి ఆరబోసిన్రు, ఎంత ఎర్రగున్నదో" అన్నారు. మల్లేశం కిటికీ వైపు తిరిగాడు, నేను కార్డు తీసి చూపించి లోపల పెట్టుకున్నాను. బయట ఉన్నది పత్తిచేను.

రంజాన్ వస్తే ఇంటికి రమ్మనేవారు. కింద కూర్చోవలసి వస్తుందని ఏదో వంక చెప్పేదాన్ని. బలవంతపెట్టేవారు కాదు. మరునాడు షీర్ ఖుర్మా డబ్బా రైలెక్కి వచ్చేది.

ఇన్నేళ్ళలో ఆ ఇంటి గడప మొదటిసారి తొక్కింది మొన్ననే, పరామర్శకు. గదినిండా జంపఖానా, దానిమీద ఆడవాళ్ళు. చాచీ తన పక్కన చోటు చేసి, "రా బిడ్డా, కూసో" అంది. నేను కదల్లేదు. "మియా రోజు నీ ముచ్చటనే చెప్తుండె. ఎందుకట్ల నిలబడ్డవ్?" అంది.

చాచా ఆమెకు కూడా చెప్పలేదు. కట్టుకున్న భార్యకు, రోజూ నా ముచ్చట చెబుతూ కూడా, ఆ ఒక్క మాట చెప్పలేదు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

"చాచీ, నాది ఎడమకాలు పెట్టుడుకాలు. కింద కూసోరాదు. చాచాకు ఎరుకే" అన్నాను. నలుగురిలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు. ఎవరూ అయ్యో అనలేదు. చాచీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, తనే లేచి లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. "ఇగ చెప్పు. రైల్ల ఎట్లుంటుండె మియా?" అని అడిగింది. పాల క్యాన్ల కథ చెప్పాను. ఏడుస్తూనే నవ్వింది.

ఒకరి మర్యాదను ప్రాణంలా దాచే అటువంటి ఉదారచరితుడు మా దారిలో మళ్ళీ రైలెక్కుతాడన్న ఆశ నాకు లేదు. ఆ మహనీయుడికి పూలదండ వేయడం నాకు తృప్తినివ్వదు. ఆయన ఇన్నేళ్ళు కాపాడిన మాటను నా చేత్తో, నా పేరుతో ఇక్కడ రాస్తున్నాను. ఈ పత్రిక మా ఆఫీసుకు కూడా వస్తుంది. చదవనీ.