వెనక తలుపు అద్దం మీద అమ్మ బొట్టు

మా అమ్మ కారులో ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేది. మొగుడి పక్కన ముందు సీట్లో కూర్చుంటే మేముండే పోర్టు క్వార్టర్సు జనమంతా చూస్తారని ఆవిడ సిగ్గు. దాంతో నాన్న ఆవిడ డ్రైవర్‌లా కనబడేవారు. పోర్టులో ఆయనతో పనిచేసేవాళ్ళు "అమ్మగారిని ఎక్కడికి తీసుకెల్తన్నావు బావా?" అని ఏడిపిస్తే నవ్వేసి ఊరుకునేవారు. అది అప్పటికే చాలా చేతులు మారిన అంబాసిడర్. ఉప్పుగాలికి అడుగంతా తుప్పు పట్టి, వాన కురిస్తే కాళ్ళ కిందకి నీళ్ళొచ్చేవి. అమ్మకి మాత్రం అది పుష్పక విమానమే.

స్టిక్కర్ బొట్లు అప్పుడప్పుడే బజార్లోకి వచ్చాయి. అంతవరకూ చెమటకి కారిపోయే తిలకంతో వేగిన అమ్మకి అవి దొరికాక ఇల్లంతా బొట్లే. స్నానాల గది గోడకి, బీరువా అద్దానికి, ఆఖరికి బియ్యం డబ్బా మూతకి కూడా. మొహం కడుక్కునే ముందు తీసి చేతికందిన చోట అంటించడం, తర్వాత మరిచిపోయి ఇంకోటి పెట్టుకోవడం. కారులోనూ అంతే. వెనక తలుపుకి, దించే అద్దం పక్కన, కదలకుండా బిగించేసిన చిన్న ముక్క అద్దం ఒకటి ఉండేది. తగరపువలసలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో కొంగుతో మొహం తుడుచుకోవడానికి బొట్టు తీసి దాని మీద అంటించేది.

"ఇది కారనుకున్నావా, నీ తానాల గది గోడనుకున్నావా?" అని నాన్న విసుక్కునేవారు. ఆదివారం కారు కడిగేటప్పుడు గోటితో గీకి పారేసేవారు.

"గీక్కోండి, మల్లీ అంటిత్తాను" అనేది అమ్మ.

అమ్మ జబ్బు చేసి పోయింది. ఆ తర్వాత ఇంట్లో బొట్లు కూడా ఒక్కటొక్కటే పోయాయి. గోడల మీదవి సున్నాల్లో కలిసిపోయాయి. బీరువా అద్దం మీదవి పిన్ని తుడిచేసింది. పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింట్లో ఉండేది. నాకూ నాన్నకీ ఇంత వండిపెట్టడానికి మా ఇంటికి వచ్చేసింది. ఇక మిగిలింది కారు అద్దం మీద ఉన్న మెరూన్ రంగు బొట్టు ఒక్కటే. దాన్ని నాన్న గీకలేదు. కారు కడిగినప్పుడు తడిబట్టని దాని చుట్టూ తిప్పి వదిలేసేవారు. నేను చూశాను. చూశానని ఆయనకీ తెలుసు. అప్పట్లో ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు. మా ఇంట్లో ఇలాంటివి నోటితో చెప్పుకునే అలవాటు లేదు, ఆ అలవాటు లేనందుకు నాకిప్పటికీ కోపమే.

స్టీలు ప్లాంటు కడుతున్న కాలం అది. ఏ రోడ్డు మీద చూసినా ఇనప చువ్వల లారీలే. గోపాలపట్నం బజార్లో నాన్నా నేనూ సామాన్లు కొనుక్కుని కారు దగ్గరికి వచ్చేసరికి ఒక లారీ వెనక్కి వస్తోంది. బయటికి పొడుచుకొచ్చిన చువ్వ కొస మా కారు వెనక తలుపుకి తగిలింది. పెద్ద అద్దానికి ఏమీ కాలేదు. ఆ చిన్నది పగిలింది. అది కారుతో వచ్చిన అద్దం కాదు, పాత యజమాని ఎవరో వేయించిన మామూలు కిటికీ అద్దం. అందుకని కారు అద్దంలా పొడి కాకుండా ముక్కలుగా చీలింది. బొట్టున్న ముక్క, అద్దాన్ని చుట్టూ పట్టి ఉంచే రబ్బరు బీడింగులో ఇంకా నిలబడే ఉంది. లారీ డ్రైవరు దణ్ణాలు పెడుతుంటే నాన్న అతని వైపే చూడలేదు, వంగి ఆ ముక్కనే చూస్తున్నారు.

ఇంటికొచ్చాక ముక్కలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, తువ్వాల్లో చుట్టి వరండా గూట్లో పెట్టారు. "అద్దాల షాపోడికి కొలతకి కావాల" అన్నారు పిన్నితో. అబద్ధం కాదు గానీ అది సగం మాటే. కొలత తీసుకున్నాక బొట్టున్న ముక్కని దాచుకుందామని ఆయన ఆలోచన. చాలా ఏళ్ళకి ఆయనే నాతో అన్నారు. బంక ఎండిపోయిన బొట్టు, ఊడదీస్తే ఇంకెక్కడా అంటుకోదు. అమ్మ తన చేత్తో ఎలా అంటించిందో అలాగే ఉండాలని ఆయన కోరిక. కానీ మరదలితో ఏమని చెబుతారు, స్టిక్కర్ బొట్టు దాచుకుంటానని?

పగిలిన అద్దం ఇంట్లో ఉంటే అరిష్టమని మావాళ్ళకి గట్టి నమ్మకం. అసలే ఒక మనిషిని పోగొట్టుకున్న ఇల్లు. మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్ళగానే పిన్ని ఆ మూట బయటికి తీసింది. సాయంత్రం ఆయన వచ్చి గూట్లో చెయ్యి పెట్టి వెతుకుతుంటే వంటింట్లోంచి వచ్చి చెప్పింది.

"కొలతకి అట్టముక్క కత్తిరించుకో బావా. పగిలిన అద్దం ఇంట్లో ఎలాగుంచుతాను? పారీసినాను."

"అన్నీనా?"

"ఒకదాని మీద అక్క బొట్టున్నాది కదా. అది చెత్తలో ఎలా పడేత్తాను, ఎవులైనా తొక్కరూ? జాగర్తగా ఊడదీసి, కాయితానికి పసుపు రాసి అందులో ఎట్టినాను. జాలరిపేటకి సేపలకెల్లినప్పుడు సముద్రంలో కలిపీసినాను. దణ్ణం కూడా ఎట్టుకున్నాను బావా."

నాన్న ఖాళీ గూటిని చూస్తూ నిలబడ్డారు. పిన్ని మొహం చిన్నబోయింది.

"ఏటి బావా, తప్పు సేసినానా?"

"నేదు. మంచి పనే సేసినావు" అని నాన్న కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ఆమె వడ్డించిన చేపల పులుసు అన్నం వంచిన తల ఎత్తకుండా తిన్నారు. నాకు గొంతు చించుకుని అరవాలనిపించింది. కానీ ఎవరి మీద అరవను? భర్త పోయి తను బొట్టు పెట్టుకోలేని పిన్ని, అక్క బొట్టుకి అంత మర్యాద చేసింది. అందులో వంక పెట్టడానికేముంది? "ఆ ముక్క నాకు కావాలి" అని నాన్న ముందురోజు ఒక్క మాట అని ఉంటే పిన్ని దాన్ని దేవుడి పటం పక్కన పెట్టి ఉండేది.

ఆదివారం కొత్త అద్దం బిగించాం. ఖాళీ చట్రానికి అట్ట ఆనించి కత్తిరించి, ఆ కొలతకి నాన్న అద్దం కోయించి తెచ్చారు. అది ఒక్కరితో అయ్యే పని కాదు. అద్దం చుట్టూ బీడింగు తొడిగి, దాని గాడిలో పురికొస పెట్టి, సబ్బునీళ్ళు పూసి, బయటినుంచి ఒకరు నొక్కుతూ ఉండాలి. లోపలున్నవాళ్ళు పురికొస మెల్లగా లాగుతుంటే రబ్బరు అంచు కొంచెం కొంచెంగా లోపలికి పొర్లి చట్రం మీద కూర్చుంటుంది. నేను అమ్మ కూర్చునే చోట కూర్చుని లాగాను. అద్దానికి అవతల, చాలా దగ్గరగా, నాన్న మొహం. పురికొస చివరికంటా వచ్చేసింది, అద్దం బిగిసింది. నాన్న బట్ట తీసుకుని సబ్బు తుడిచారు. తుడవడానికి ఇంకేమీ లేకపోయినా తుడుస్తూనే ఉన్నారు.

నేనది చూడలేకపోయాను. నా నుదుటి మీద బొట్టు తీసి లోపలివైపు అద్దానికి అంటించాను.

నాన్న చెయ్యి ఆగింది. వచ్చి తలుపు తీశారు. సంతోషిస్తారనుకున్నాను. ఆయన గోటితో దాని అంచు లేపి, ఊడదీసి, ఆ తడి వేళ్ళతోనే నా నుదుటి మీద పెట్టి నొక్కారు.

"నీది ఇక్కడే ఉండాలమ్మా. నువ్వున్నావు కదా" అన్నారు.

అని, అక్కడే కారు తలుపు పట్టుకుని ఏడ్చేశారు. గుమ్మంలో నిలబడి ఉన్న పిన్నికి, తను సముద్రంలో కలిపింది ఏమిటో అప్పుడు తెలిసింది.