రెండు గిటార్ల జగడం

ఆ రోజుల్లో ఆదోనిలో ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి తన గురించి తనకుండే అభిప్రాయం పత్తి బేలు కంటే బరువుగా ఉండేది. ప్రెస్సింగు ఫ్యాక్టరీలో బేళ్ళ మీద నల్లరంగుతో మార్కులు వేయడం నా ఉద్యోగం. నా లెక్కలో మాత్రం నేను గొప్ప గిటార్ విద్వాంసుణ్ణి. గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన (మాకు ‘గార్డు దొర’) ఆదివారాలు జాజ్ నేర్పేవాడు. నాతోపాటు నేర్చుకున్నవాడు ఎమ్మిగనూరు నేతగాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. పొద్దున్నే బస్సులో ఆదోనికి వస్తే, ఇద్దరం కలిసి రైలెక్కేవాళ్ళం. మగ్గం మీద నూలుపోగును అటూ ఇటూ దాటించే నాడెను ఆడించే చేతులు కాబట్టి ‘నాడె అన్న’ అని పిలిచేవాణ్ణి. గిటార్ పట్టినా కాళ్ళు మగ్గం తొక్కుతూనే ఉండేవి, అదే మా తాళం. దొర చెప్పిన పద్ధతి ఒకటే: ఒకడు తీగల మీద ప్రశ్న అడగాలి, రెండోవాడు జవాబు చెప్పాలి.

మా పత్తి షావుకారు చిన్నకూతురి పెళ్ళికి వాయించమని మాకు పిలుపొచ్చింది. దొర తన రెండు గిటార్లూ ఎరువిచ్చాడు. షావుకారు పెద్దల్లుడు బొంబాయి నుంచి చక్రాలు తిరిగే టేపు యంత్రం తెచ్చి మా ముందు పెట్టాడు. తాళి కట్టడం అయింది, భోజనాలకు ఇంకా వేళ ఉంది. నేను నాలుగు స్వరాలు విసిరి ఆగాను. అన్న జవాబిచ్చాడు. నేను గట్టిగా అడిగాను, అతను ఇంకా గట్టిగా చెప్పాడు. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. అంతలో షావుకారు తండ్రి (మార్కెట్టులో పత్తి తగాదాలన్నీ తీర్చే పెద్దమనిషి) లేచి వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

“ఏమప్పా, పెండ్లి ఇంట్లో ఈ జగడమేంది?”

“జగడం కాదు తాతా, మాట్లాడుకుంటాండాము” అన్నాడు అన్న.

“మాట్లాడుకునేటోళ్ళు ఇట్ల అరుసుకుంటారా? నేను సూస్తానే ఉండాను. ఈ పిల్లోడు నిన్ను పూర్తిగా సెప్పనీయడంల్యా. ఇద్దరూ ఒక్కసారే వాయించండి, తీరిపోతాది!”

తీర్పు అయిపోయింది. ఇద్దరం ఒక్కసారే వాయించాం, పందిరి ఎగిరిపోయేట్టు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా కళని ఒక ముసలాయన పంచాయితీ చేసి చంపేశాడని కనపడిన ప్రతివాడికీ ఏళ్ళ తరబడి చెప్పుకున్నాను.

ఆ మరుసటి వారమే దొర సంసారంతో సహా ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, గిటార్లూ వెళ్ళిపోయాయి. కొత్తవి కొనే తాహతు మా ఇద్దరికీ లేదు. అప్పుడప్పుడు ఎమ్మిగనూరు పోతే నూలు దొరకడం లేదనీ, వాన రాలేదనీ మాట్లాడుకునేవాళ్ళం (గిటార్ మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు, ఎత్తితే ఎవరో ఒకరం ఏడ్చేవాళ్ళమేమో). తర్వాత అన్న పోయాడు. ముఖం గుర్తుంది, నవ్వు గుర్తుంది, ఆ వాయింపు మాత్రం ఎంత వెతుక్కున్నా చెవికి రాలేదు. దానికోసం నేను పడిన బెంగ మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

మొన్న షావుకారు మనవడు గోదాము ఖాళీ చేస్తుంటే ఆ టేపు దొరికిందట. క్యాసెట్టులోకి ఎక్కించి తెచ్చి ఇచ్చాడు. తలుపు వేసుకుని విన్నాను. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. అన్న జవాబు సగంలో ఉండగానే ప్రతిసారీ నేను అడ్డం పడ్డాను. అతను కోపగించుకోకుండా, నేను తొక్కేసిన చోటే మెల్లగా అందుకుని, నా తొందరపాటు కూడా నేర్పులాగా వినిపించేట్టు సర్దేశాడు. ఎంత బాగా వాయించేవాడు! పక్కనే కూర్చుని నేను వినలేదు.

చప్పట్లు ఆగాక కూడా టేపు తిరుగుతూనే ఉంది. అన్న గొంతు వినిపించింది: “ఇంకొకటి వాయిద్దామా అప్పా? సేతులు ఇప్పుడే ఏడెక్కినాయి.”

వెంటనే నా గొంతు: “సాల్లే అన్నా, మొదటి బంతి కూసుంటాండారు. లడ్లు అయిపోతాయి, లెయ్!”

అంతే, టేపు అయిపోయింది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ తిండిపోతు కుర్రవాడు ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టి, కూర్చోరా, అన్న అడుగుతున్నాడు, ఇంకొకటి వాయించు అని బతిమాలుకునేవాణ్ణి.