తిన్న ఊపిరి

మా మరిదికి ఒకటే జబ్బు. ఏ వస్తువైనా సరే, ఎటు పోయిందో తెలిసేదాకా అతనికి ముద్ద దిగదు, నిద్ర పట్టదు. అందుకే ఇంటిల్లిపాదీ అతన్ని ఆచూకీ అంటాం. అసలు పేరుతో పిలిస్తే పలకడు. ఆచూకీ అంటే మాత్రం, ఏదో పోయిందేమోనని పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తాడు.

అతని ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. ఒక ప్రయోగశాలలో గాజుపళ్లేల్లో కణాలను పెంచి, వాటికి చక్కెర పెట్టి, ఆ చక్కెర లోపలికెళ్లి ఏమైందో వెతుకుతారట. నా చదువు అంతంతమాత్రం కనుక నాకు విడమరిచి చెప్పేవాడు.

"చక్కెరలో కార్బన్ అని ఒకటుంటుంది వదినా. దానికో కవల ఉంది. అదే రుచి, అదే గుణం, ఏ ప్రమాదమూ లేదు. కాకపోతే రవ్వంత బరువు. కణానికి తేడా తెలీదు, హాయిగా తినేస్తుంది. మా తూకం యంత్రానికి తెలుస్తుంది. ఆ బరువు ఎక్కడ తేలితే చక్కెర అక్కడికి చేరినట్టు."

"అది తిని కుదురుగా కూర్చుంటుందా ఏంటి?"

"కూర్చోదు. అందుకే ఉన్నపళంగా గడ్డకట్టించేస్తాం. ఎవరి చేతిలో ఏముందో అలాగే దొరికిపోతుంది."

ఈ గడ్డకట్టించడాన్ని ఇంటికి కూడా తెచ్చాడు. ఒకసారి భోజనాల దగ్గర మా అత్తగారి కళ్లద్దాలు కనబడలేదు. "ఆగండి! ఎక్కడివాళ్లక్కడే!" అని అరిచాడు. ఆవిడ గరిటె ఎత్తినది ఎత్తినట్టే, నేను వంగినదాన్ని వంగినట్టే, మా ఆయన నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయాం.

"ఒరేయ్, చెయ్యి లాగేస్తోందిరా!"

"కదలకమ్మా. ఆధారాలు చెదిరిపోతాయి."

కళ్లద్దాలు అతని నెత్తిమీదే ఉన్నాయి. తనవనుకుని తగిలించుకున్నాడు. మా ఆయన తెరిచిన నోరు మూయకుండానే నవ్వడం మొదలుపెట్టారు.

ఇంకోసారి చక్కెర డబ్బా తొందరగా ఖాళీ అవుతోందని అనుమానం వచ్చింది. పైన తెల్ల చక్కెర ఉంచి, అడుగున నీలం రంగు కలిపిన చక్కెర పోశాడు. మర్నాడు అందర్నీ వరసగా నిలబెట్టి నాలుకలు చాపమన్నాడు. డాక్టరు తీపి మానమన్న అత్తగారు మాత్రం పెదవులు బిగించుకుని గోడవైపు తిరిగింది.

"నాలుక చూపించమ్మా."

"కన్నతల్లి నాలుక చూస్తావుట్రా? వెళ్లి నీ కణాల నాలుకలు చూసుకో పో!" అంది. అన్ని మాటలు అనేసరికి నీలం అంతా బయటపడింది.

తర్వాత మా ఆయన పోయారు. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. గదిలోంచి గదిలోకి నడుస్తుంటే నీళ్లలో నడుస్తున్నట్టుండేది. అందరికీ వడ్డించి, "నేను తర్వాత తింటాను" అనేదాన్ని. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. బట్టలు వదులయ్యాయి. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. అత్తగారు బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. చెంచా పోతే ఇల్లంతా తలకిందులు చేసే ఆచూకీ మాత్రం నా పళ్లెం వైపు కన్నెత్తి చూడలేదు.

"చక్కెర మీద ఉన్న శ్రద్ధ వదిన మీద లేదురా నీకు," అని ఆవిడ ముక్కు చీదింది.

ఓ పొద్దున మూత ఉన్న గాజు గొట్టం ఒకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"వదినా, నాకో ఊపిరి కావాలి."

"నా దగ్గర మిగిలింది అదొక్కటే. తీసుకో."

"ఉత్త ఊపిరి పనికిరాదు. తిన్న ఊపిరి కావాలి. లేకపోతే నా పని ఆగిపోతుంది."

అతని ఉద్యోగం పోతుందేమోనని భయపడి సగం రొట్టె తిన్నాను. గొట్టంలో ఊదాను. దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"పలచగా ఉంది. రేపు గుడ్డు కూడా తిను."

అలా రోజూ మొదలైంది. గుడ్డు ఊపిరి అన్నాడు, పాల ఊపిరి అన్నాడు, అరటిపండు ఊపిరి అన్నాడు. "నిన్నటిది నాసిరకం వదినా, కూర తక్కువైంది" అని సణిగేవాడు.

"తిన్నది ఊపిరెలా అవుతుంది?" అని అడిగానొకసారి.

"కణాల్లో నెమ్మదిగా మండుతుంది. ఆ కార్బన్ గాలై బయటికొస్తుంది. దాన్ని ఏ ఆకో పీల్చుకుని ఆకైపోతుంది. ఏదీ ఊరికే పోదు వదినా. చోటు మారుతుంది, అంతే."

అతను వెళ్లాక కిటికీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఎండ కుండీలోని మొక్క మీద పడి ఆకులు లోపలినుంచి వెలుగుతున్నట్టున్నాయి. ఇన్నేళ్లూ మా ఆయన ఇదే గదిలో ఊపిరి వదిలారు. ఈ మొక్క ఇదే గదిలో చిగుర్లు వేసింది. ఒక ఆకును వేలితో ముట్టుకుంటే మెల్లగా ఊగింది. ఆ రోజు అన్నం ఎప్పుడు తిన్నానో నాకే తెలియదు.

ఒకనాడు హడావుడిలో ఊపిరి గొట్టమూ, తన మధ్యాహ్నం అన్నం డబ్బా రెండూ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. డబ్బా సంగతి సరే, ఊపిరి పాడైపోతే ఎలా? డబ్బా ఒక చేత్తో పట్టుకుని, గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి గుండెకి హత్తుకుని బయల్దేరాను. ఆయన పోయాక గడప దాటడం అదే మొదలు.

ప్రయోగశాలలో తూకం యంత్రం దగ్గర ఒకమ్మాయి ఉంది.

"ఏంటండీ ఇది?"

"నా ఊపిరి. చల్లారకముందే యంత్రంలో పెట్టమ్మా."

ఆ అమ్మాయి నన్నూ గొట్టాన్నీ మార్చిమార్చి చూసింది. "మేం మనుషుల ఊపిరి తీసుకోమండీ. మావన్నీ పళ్లేల్లో పెరిగే కణాలు." అంతలో ఏదో తట్టినట్టు నవ్వింది. "ఓహో, మీరు వదినగారా! రండి."

కిటికీ పక్కన అతని బల్ల. దానిమీద మూతలు బిగించిన గొట్టాలు బారులు తీరి ఎండలో మెరుస్తున్నాయి.

"గొట్టాలు చాలట్లేదు, ఖాళీవే కదా, కడిగిస్తానంటే పోట్లాడతాడండీ. ఖాళీవి కావు, అవి మా వదిన భోజనాలు అంటాడు."

వెనక అడుగుల చప్పుడైంది. ఆచూకీ గుమ్మంలో నన్ను చూసి, తనే గడ్డకట్టిపోయాడు.

"వదినా... అది... యంత్రం పాడైంది..."

"చాల్లే. నడిచి వచ్చానేమో, ఆకలేస్తోంది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నేనే ఆశ్చర్యపోయాను. బయట చెట్టునీడలో బెంచీ మీద కూర్చుని డబ్బా తెరిచాను. అతను పక్కన కూర్చుని చెప్పులవైపు చూస్తూ ఉండిపోయాడు. గాలికి నీడలు ఒళ్లో ఆడుతున్నాయి. ఒక్కో ముద్దా తింటూ పోయాను. తల ఎత్తేసరికి డబ్బా అడుగు కనబడింది.

"నాకు కాస్తయినా ఉంచుతావనుకున్నాను వదినా," అన్నాడు.

కడుపు మాడుతున్న మనిషి అంత ఆనందంగా ఉండటం నేనెక్కడా చూడలేదు.