రాజమల్లు చేతుల మాట

2023లో వానలు తగ్గుముఖం పట్టాక, మా యూనివర్సిటీ ప్రాంతీయ చరిత్ర పరిశోధన కేంద్రం ముంబయి దగ్గరి భివండీలో ఒక సభ పెట్టింది. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాలు నడిపిన పెద్దవాళ్ళ చేత వాళ్ళ కథలు వాళ్ళ నోటనే చెప్పించాలని మా ఆలోచన. దీన్ని మా వృత్తిలో ఓరల్ హిస్టరీ అంటాం. పుస్తకాలకెక్కని చరిత్రను మనుషుల గొంతులో రికార్డు చేసి దాచడమన్న మాట. రికార్డు చేసేది నేనే. మాదీ భివండీలోని నాగావ్ పేటే అయినా నాన్నకు కిరాణా దుకాణం ఉండేది కాబట్టి కార్ఖానా లోపల నేనెన్నడూ నిలబడింది లేదు.

నార్పోలి పేటలోని తెలుగువాళ్ళ సంఘం హాలు నిండిపోయింది. వేదిక మీద రాజమల్లు, పక్కన నర్సయ్య. ఇద్దరూ ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచెలు నడిపారు. ఇక్కడ మరమగ్గాన్ని సాంచె అనే అంటారు.

సభకు ముందు రాజమల్లు కూతురు సునీత నన్ను పక్కకు పిలిచింది. అంజూర్ ఫాటా దగ్గర ఒక గోదాములో లెక్కలు చూస్తుంది. ఆమె పాకే వయసులో తల్లి చనిపోయింది.

"చెల్లె, మా అమ్మ ఎట్లుండెనో ఒక్కసారి బాపును అడుగు. నేనడిగితే లేచి బయటికి పోతడు. ఒక్క ఫొటో గూడ లేదు నా దగ్గర. నలుగురి ముంగట నువ్వు అడిగితే చెప్తడేమో."

అడుగుతానన్నాను.

రికార్డింగుకు కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకోలు పత్రం, తప్పనిసరి. దాని మీద మా కేంద్రానికున్న భక్తి దేవుడి మీద కూడా లేదు. రాజమల్లు దాన్ని చదివించుకుని నవ్వాడు.

"గొంతు తీస్కో బిడ్డా. మొఖం వద్దు. సచ్చినంక గోడకు పెట్టే ఫొటో లెక్కుంటది."

అలాగేనని కెమెరా మూసేశాం. హాల్లో ఎవరూ ఫోన్లు ఎత్తొద్దని మైకులో నేనే చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒక్కరైనా ఆ మాట వినకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఊరు విడిచి రావడం, ఒక్క గది ఖోలీలో పదిమంది సర్దుకుని పడుకోవడం, అన్నీ బాగానే చెప్పాడు. చివర్లో అడిగాను.

"పెద్దనాయినా, సునీత వాళ్ళమ్మ లక్ష్మి కూడా మీ కార్ఖానాలోనే కండెలు చుట్టేదట కదా. ఎట్లుండేది?"

ఆయన నోరు తెరిచి మూసుకున్నాడు. తర్వాత నర్సయ్య వైపు తిరిగాడు. చేతులు లేచాయి. వేళ్ళు తిరిగాయి, పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. రెండు వేళ్ళు కలిపి పళ్ళ దగ్గరకు తెచ్చి చటుక్కున లాగాడు. ముందు వరుసల్లోని పాత కార్మికులు పగలబడి నవ్వారు. కాసేపటికి వాళ్ళలోనే ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన చేతులు మెల్లగా కిందికి దిగి, పూలకుండీ పెట్టిన బల్ల చాటున ఒళ్ళో ఇంకా ఏదో చెప్పాయి. తర్వాత ఆగిపోయాయి. నాకూ సునీతకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ వచ్చి తీరిగ్గా అడుగుదాంలే అనుకున్నాను.

దీపావళి లోపే రాజమల్లుకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడి చెయ్యి పడిపోయింది.

సునీత మా కేంద్రానికి వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టి ఆ భాగం వినిపించాను. నా ప్రశ్న ఉంది, కుర్చీ కిర్రుమన్న చప్పుడుంది, నవ్వులున్నాయి, ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆమె చివరిదాకా విని, "గంతేనా?" అంది. ఆయన చేతులు తిరిగింది నర్సయ్య వైపే కాబట్టి ఆయన్నే అడుగుదామన్నాను.

ఇద్దరం నర్సయ్య ఇంటికి వెళ్ళాం.

"సాంచెల మోతల నోటి మాట ఎవనికి ఇనవడ్తది బిడ్డా?" అన్నాడాయన. "అన్నీ చేతులతోనే. సేటంటే మీసం దువ్వుడు. మీ అమ్మంటే గిది." రెండు వేళ్ళు పళ్ళ దగ్గర పెట్టి లాగి చూపించాడు. "కత్తెర ముంగట్నే ఉన్నా దారం పండ్లతోని కొరికేది. సేటు తిట్టినా ఇనకపోయేది. గప్పుడు మీ బాపు తన సాంచె కాడికెంచి నాకు చేతులతోని చెప్పిండు, గీ దారం కొరికే పిల్లనే చేసుకుంట అని. మొన్న సభల గదే యాది చేసిండు."

సునీత నవ్వుతూ ఏడుస్తోంది. "ఆఖర్ల ఏమన్నడు కాకా? చేతులు కిందికి పోయినంక?"

నర్సయ్య తల దించుకున్నాడు. "నా కండ్లల్ల నీళ్ళు నిండినయి బిడ్డా. కనవడలె."

హాల్లో మిగతావాళ్ళకు మా బల్ల అడ్డం. ఆ మాటలు తెలిసినవాళ్ళెవరూ చూడలేదు; పక్క నుంచి చూసిన నాకు ఆ గుర్తులు పట్టుబడలేదు.

అక్కడి నుంచి నేరుగా రాజమల్లు దగ్గరకు వెళ్ళాం. సునీత మంచం పక్కన కూర్చుని, రెండు వేళ్ళు పళ్ళ దగ్గర పెట్టి లాగింది. దిండ్లకు ఆనుకుని కూర్చున్న ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమ చెయ్యి లేచి అదే గుర్తు చేసింది. తర్వాత ఆ చెయ్యి ఒళ్ళోకి దిగి, అరచేయి పైకి తిప్పి, కుడి చెయ్యి కోసం ఆగింది. కుడి చెయ్యి కదల్లేదు. అది రెండు చేతుల మాట. ఆయన చాలాసేపు ఆ చేతినే చూసి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

సంక్రాంతి వెళ్ళాక పోయాడు. సునీత ఇప్పుడు అమ్మ గురించి చెప్పేటప్పుడు పేరు చెప్పదు, ఆ గుర్తు చేస్తుంది. కానీ రెండో మాట ఆమెకు దక్కలేదు. దక్కించే అవకాశం ఒక్కసారి మా ముందుకొచ్చి పోయిందన్న బాధ నాకు తీరదు.

ఆ తర్వాత ఏ కార్ఖానా మనిషి దగ్గరకు వెళ్ళినా, మొహం వద్దంటే చేతులనైనా వీడియో తీసుకోనిమ్మని బతిమాలుతున్నాను. ముందు బల్ల తీసేయిస్తాను. రాజమల్లు రికార్డింగును కాగితం మీద పెట్టినప్పుడు ఆయన చేతులతో చెప్పిన చోట నేను 'నిశ్శబ్దం' అని రాసి ఉంచాను. దాన్ని కొట్టేసి 'మాట్లాడుతున్నారు' అని దిద్దాను.